వియన్నాలో సాఖర్ టోర్టే: కేకు ఎక్కడ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి

వియన్నాకు వెళ్తున్నానని చెప్పగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా సాఖర్ టోర్టే తినమని. ఎక్కడ తినాలని అడిగితే మాత్రం సలహాలు రెండుగా చీలిపోతాయి. ఒపేరా భవనం వెనక ఉన్న హోటల్ సాఖర్‌లోనే తినాలని కొందరు పట్టుబడతారు. హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదం దగ్గర కోల్‌మార్క్ట్ వీధిలో ఉన్న డెమెల్ మిఠాయి దుకాణానికే వెళ్ళాలని మరికొందరు అంటారు. రెండు చోట్లా బయట వరుస, లోపల చిన్న బల్లలు, ముక్కకు పది యూరోలకు అటూ ఇటూ ధర. కాఫీ కూడా తీసుకుంటే మామూలు చోట ఒక పూట భోజనానికి అయ్యే ఖర్చు దాటిపోతుంది. హాస్టల్లో ఒక పడక తీసుకుని, సూపర్ మార్కెట్ రొట్టె, జున్నుతో పగలు గడిపేసే యాత్రికులకు అది ఆలోచించి పెట్టవలసిన డబ్బే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వియన్నాలో కేకును, కూర్చునే చోటును విడివిడిగా ఎంచుకోవాలి. పేరున్న కేకు పేరున్న చోట దొరుకుతుంది కానీ, ఈ నగరపు కాఫీహౌస్‌లోని అసలు సుఖం తొందర లేకుండా కూర్చోవడం. బయట పాతిక మంది నిలబడి మన కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటే ఆ సుఖం దక్కదు. అందుకే ఈ రెంటినీ కలిపి ఒకే చోట వెతికేవారు చాలాసార్లు రెంటిలోనూ కొంత పోగొట్టుకుంటారు. విడదీసి చూసేవారికి తక్కువ డబ్బుతోనే రెండూ దక్కుతాయి.

ముందు కేకు సంగతి

సాఖర్ టోర్టే చూడడానికి చాలా సాదా కేకు. క్రీము గులాబీలు, పండ్ల ముక్కలు, రంగులు ఏవీ ఉండవు. వెన్న, పచ్చసొన, చాక్లెట్ కలిపిన పిండిలో నురుగులా గిలక్కొట్టిన తెల్లసొన కలిపి కాల్చిన కేకు అది. దాని మీద వేడి ఆప్రికాట్ జామ్ పూస్తారు. ఆపైన చక్కెర పాకంతో కలిపి కాచిన చాక్లెట్ పోస్తారు. ఆ పై పూత ఆరాక గట్టిపడి, ఫోర్కు దించగానే సన్నగా చిట్లుతుంది. నోట్లో మొదట చక్కెర కరకర, తర్వాత మెత్తని కేకు, చివర జామ్ పులుపు తగులుతాయి. జామ్ కేకులోని తేమను పట్టి ఉంచుతుంది, చాక్లెట్ నునుపుగా పరుచుకోవడానికి చదునైన పొరగా పనిచేస్తుంది, తీపిని అదుపులో పెడుతుంది. ఇంత చిన్న పొర ఇన్ని పనులు చేస్తుంది కాబట్టే, అది కేకులో ఎక్కడ ఉండాలన్న విషయం మీద రెండు సంస్థలు కోర్టుకెక్కాయి.

ఈ కేకు తిన్నవారిలో చాలా మంది చెప్పే ఫిర్యాదు ఒకటుంది: పొడిగా ఉందని. మన బేకరీల్లో దొరికే, పాకంలో తడిపి క్రీముతో నింపిన కేకులకు అలవాటుపడిన నోటికి అలా అనిపించడం సహజం. కానీ పళ్ళెంలో పక్కన పెట్టే గిలక్కొట్టిన మీగడ కూడా ఈ కేకులో భాగమే. అందులో చక్కెర వేయరు. ఫోర్కుతో తీసుకున్న ప్రతి ముక్కకూ కాస్త మీగడ అద్దుకుని తినాలి. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా మీద మీగడ వేసుకుని తిన్నవారికి ఆప్రికాట్, మీగడల పొత్తు ఎంత బాగుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మీగడను పక్కకు నెట్టేసి కేకు మాత్రమే తిని బాగోలేదనడం ఈ కేకుకు అన్యాయం చేయడమే.

గొడవ ఎక్కడ మొదలైంది

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం 1832లో ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ తన అతిథుల కోసం కొత్త మిఠాయి ఏదైనా చేయమని వంటింటికి కబురు పెట్టాడు. ప్రధాన వంటవాడు జబ్బుపడి ఉండడంతో ఆ పని పదహారేళ్ళ శిక్షణార్థి ఫ్రాంజ్ సాఖర్ మీద పడింది. అతని కొడుకు ఎడ్వర్డ్ సాఖర్ డెమెల్‌లో పని నేర్చుకుంటూ ఆ కేకును ఇప్పటి రూపానికి తెచ్చాడు. 1876లో ఒపేరా వెనక సొంత హోటల్ పెట్టాడు. అంటే కేకుకు పేరిచ్చిన కుటుంబం ఒకచోట, దాన్ని తీర్చిదిద్దిన వంటగది మరోచోట ఉండిపోయాయి. ఇద్దరి వాదనలోనూ నిజం ఉందని నేననుకోవడానికి కారణం ఇదే.

ఎడ్వర్డ్ చనిపోయాక అతని భార్య అన్నా సాఖర్ హోటల్‌ను దశాబ్దాల పాటు నడిపింది. చుట్టలు కాలుస్తూ, చిన్న బుల్‌డాగ్‌లను వెంట తిప్పుకుంటూ ఉండే ఆవిడ వియన్నా మరచిపోని మనిషి. ఆవిడ తర్వాత 1934లో హోటల్ దివాలా తీసింది. అప్పుడు కొడుకు, అతని పేరూ ఎడ్వర్డే, తన పేరుతో కేకు అమ్ముకునే హక్కును డెమెల్‌కు ఇచ్చాడు. హోటల్‌ను కొన్న కొత్త యజమానులు 1938లో తమ కేకు పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నారు. యుద్ధం ముగిశాక వ్యవహారం ముదిరి 1954లో కోర్టుకు చేరింది. కేకు మధ్యలో జామ్ పొర ఉండాలా వద్దా అన్నది అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్నల్లో ఒకటి. రెండు చోట్లకూ నిత్యం వెళ్ళే ఒక రచయిత సాక్ష్యం కూడా చెప్పాడు. 1963లో రాజీ కుదిరింది. అసలు సాఖర్ టోర్టే అన్న పేరు హోటల్‌కు దక్కింది. డెమెల్ కేకుకు ఎడ్వర్డ్ సాఖర్ పేరు మిగిలింది. ఇప్పటికీ హోటల్ కేకు మీద గుండ్రని చాక్లెట్ ముద్ర, డెమెల్ కేకు మీద త్రికోణపు ముద్ర ఉంటాయి. చేతిలో ఉన్న ముక్క ఎవరిదో ముద్ర చూసి చెప్పవచ్చు.

"అసలు" అన్న మాట లేకుండా సాఖర్ టోర్టే పేరుతో కేకు ఎవరైనా అమ్ముకోవచ్చు. వియన్నాలో దాదాపు ప్రతి మిఠాయి దుకాణంలోనూ అది కనిపించడానికి కారణం అదే.

రెండింటిలో ఏది

సాఖర్ కేకును మధ్యకు కోసి లోపల ఒక జామ్ పొర, పై పూత కింద మరో పొర వేస్తారు. డెమెల్ కేకులో జామ్ పై పూత కిందే ఉంటుంది, మధ్యలో కోత లేదు. చెప్పుకోవడానికి చిన్న తేడా. తినేటప్పుడు అది పెద్దదవుతుంది. సాఖర్ ముక్కలో ప్రతి కొరుకులోనూ పులుపు పడుతుంది, కేకు కాస్త తేమగా తోస్తుంది. డెమెల్ ముక్కలో చాక్లెట్ కేకు చిక్కగా, గంభీరంగా ఉంటుంది. పులుపు ఒక్క పైభాగంలోనే వచ్చి పోతుంది. చాక్లెట్ ఇష్టపడేవారికి డెమెల్, పండు రుచి ఇష్టపడేవారికి సాఖర్ అని చెబితే పెద్దగా పొరపాటు ఉండదు.

జీవితంలో ఒక్క ముక్కే తినే వీలుంటే నేను సాఖర్ వైపు మొగ్గుతాను. పొడిగా ఉందన్న ఫిర్యాదుకు మధ్యలోని జామ్ పొర చాలా వరకు జవాబు చెబుతుంది. ఈ కేకును మొదటిసారి తినేవారికి అది సులువుగా నచ్చుతుంది. ఇద్దరు కలిసి వెళ్తే ప్రశ్నే లేదు: ఒకే రోజు రెండు చోట్లా ఒక్కో ముక్క తీసుకుని సగం సగం తినండి. రెండు చోట్లకు మధ్య దూరం పది నిమిషాల నడక. ఒపేరా వెనక నుంచి ఆల్బెర్టీనా మ్యూజియం ముందుగా, ఔగుస్టీనర్ వీధి వెంట, జోసెఫ్ కూడలి దాటి, మిఖాయెలర్ కూడలికి చేరితే కోల్‌మార్క్ట్ ఎదురుగా ఉంటుంది. హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ప్రాసాదం పక్కగా సాగే ఆ నడక కోసమైనా రెండూ ఒకే రోజు పెట్టుకోవడం మంచిది. తినడానికి మధ్య కనీసం రెండు మూడు గంటల విరామం ఇవ్వండి. రెండు ముక్కలు వెంట వెంటనే తింటే రెండోదాని మీద న్యాయమైన తీర్పు ఇవ్వలేం.

చోటు విషయానికి వస్తే లెక్క మారుతుంది. సాఖర్ కఫేలో ఎర్రని పట్టు గోడలు, వేలాడే దీపాలు, నల్లని దుస్తుల్లో వడ్డించేవారు ఉంటారు. ఉదయం ఎనిమిదికే తెరుస్తారు. ఆ తొలి గంటలో వెళ్తే వరుస లేకుండా, ఎవరూ తొందరపెట్టకుండా కూర్చోవచ్చు. మధ్యాహ్నం తర్వాత, ముఖ్యంగా వర్షం పడే రోజుల్లోనూ డిసెంబరులోనూ, వీధిలో నిలబడి ఎదురుచూడాలి. డెమెల్ మరింత పాతది. సంస్థ 1786లో మొదలైంది, రాజాస్థానానికి మిఠాయిలు సరఫరా చేసిన చోటు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌కు ఇక్కడి చక్కెర పట్టించిన వయొలెట్ పువ్వులంటే ఇష్టమని చెబుతారు, అవి ఇప్పటికీ అమ్ముతారు. అద్దాలు, చెక్క పనితనం ఉన్న గదులు, అద్దం గోడ వెనక కేకులు చేస్తున్న పనివారు కనిపించే వంటగది. నేరుగా చూస్తూ నిలబడడానికి డబ్బు అక్కర్లేదు. చూడవలసిన చోటుగా నా ఓటు డెమెల్‌కే.

డెమెల్ దగ్గర ఒక జాగ్రత్త. వీధిలోకి కనిపించే కిటికీ దగ్గర కైజర్‌ష్మార్న్ అనే వేడి తీపి అట్టు ముక్కలు పొట్లం కట్టి ఇస్తారు. దానికి వేరే వరుస ఉంటుంది. కేకు కోసం వచ్చినవారు చూసుకోకుండా ఆ వరుసలో నిలబడితే సమయం వృథా. కేకు కౌంటరు లోపల ఉంటుంది. తలుపు దగ్గర అడిగితే చెబుతారు.

సంచి వీపున ఉన్నప్పుడు

పెద్ద వీపుసంచితో ఈ రెండు చోట్లకూ వెళ్ళకండి. బల్లలు దగ్గర దగ్గరగా ఉంటాయి, వడ్డించేవారు వెండి పళ్ళేలు పట్టుకుని మధ్యలో తిరుగుతుంటారు. హాస్టల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వకపోయినా సామాను పెట్టుకోనిస్తుంది. రైళ్ళ మధ్య కొన్ని గంటలే ఉంటే హౌప్ట్‌బాన్‌హోఫ్, వెస్ట్‌బాన్‌హోఫ్ రెండు స్టేషన్లలోనూ లాకర్లున్నాయి. హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి యు1 మెట్రో ఎక్కితే రెండో స్టేషను కార్ల్స్‌ప్లాట్జ్. అక్కడి నుంచి ఒపేరా రెండు అడుగులు. వెస్ట్‌బాన్‌హోఫ్ దగ్గర దిగినవారికి యు3 ఉంది, హేరెన్‌గాస్సేలో దిగితే డెమెల్ దగ్గర. టిక్కెట్టు కొన్నాక ప్రయాణం మొదలుపెట్టే ముందు నీలం యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాగితపు టిక్కెట్టు చెల్లదు, జరిమానా వంద యూరోలు దాటుతుంది.

విమానంలో వచ్చేవారికి ఒక మాట. నగరానికి ఆపకుండా వెళ్ళే ఆకుపచ్చ రైలు ప్రకటనలు విమానాశ్రయం నిండా కనిపిస్తాయి. అదే పట్టాల మీద నడిచే ఎస్7 మామూలు రైలు కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, ఖర్చులో మాత్రం చాలా తేడా. ఆ మిగులుతో కేకు ముక్క వచ్చేస్తుంది.

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఇంకో దారి ఉంది. జర్మనీ నెలవారీ టిక్కెట్టుతో ప్రాంతీయ రైళ్ళలో సాల్జ్‌బుర్గ్ వరకు రావచ్చు. అక్కడి నుంచి వియన్నాకు రెండున్నర గంటలు, ఆ భాగానికి మాత్రమే టిక్కెట్టు కొంటే చాలు. జర్మనీ నివాస అనుమతి ఉన్నవారికి ఆస్ట్రియాకు విడిగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, నివాస కార్డు దగ్గర ఉంచుకోవాలి. సాల్జ్‌బుర్గ్‌లోనూ హోటల్ సాఖర్ ఉంది, నది ఒడ్డున. అక్కడ దొరికే కేకు అదే. వియన్నాకు వెళ్ళే తీరిక లేనివారు సాల్జ్‌బుర్గ్‌లోనే తిని వెనక్కి తిరిగినా కేకు విషయంలో లోటేమీ లేదు.

కొనుక్కుని బయట తినడం

తక్కువ ఖర్చులో కేకు రుచి చూడాలంటే నేను గట్టిగా చెప్పే మార్గం ఇది. డెమెల్ కౌంటరులో ముక్క కొనుక్కోండి. సాఖర్ దుకాణంలో ఒక్కరికి సరిపోయే చిన్న చతురస్రపు కేకులు పెట్టెలో దొరుకుతాయి. లోపల కూర్చోవడానికి ఉన్నంత వరుస అమ్మకం దగ్గర ఉండదు. సాఖర్ నుంచి బుర్గ్‌గార్టెన్ తోటకు మూడు నిమిషాలు. మొజార్ట్ విగ్రహం ఉన్న తోట అదే. డెమెల్ నుంచి ప్రాసాదపు గుమ్మం కిందుగా హెల్డెన్‌ప్లాట్జ్ దాటితే ఫోల్క్స్‌గార్టెన్. జూన్‌లో అక్కడి గులాబీలు చూడవలసినవి. రెండు తోటలకూ ప్రవేశ రుసుము లేదు. మీగడ కోసం సూపర్ మార్కెట్‌లో చిన్న డబ్బా కొనుక్కోవచ్చు. సూపర్ మార్కెట్లు ఆదివారం మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోని దుకాణాలు మాత్రం తెరుస్తారు. శనివారం సాయంత్రమే ఆదివారం సంగతి చూసుకోవాలి.

మంచినీళ్ళ సీసా కొనకండి. వియన్నా కుళాయిల్లో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరు. ఆ నీటిని నగరానికి తెచ్చిన మొదటి పెద్ద కాలువ 1873లోనే పూర్తయింది. వీధుల్లో తాగునీటి కుళాయిలు చాలా చోట్ల ఉన్నాయి. సీసా నింపుకుంటే చాలు.

ఎండాకాలంలో మాత్రం కేకును సంచిలో వేసుకుని ఊరంతా తిరగకండి. చాక్లెట్ పూత మెత్తబడి డబ్బాకు అంటుకుంటుంది. కొన్న గంటలోపు తినేయాలి.

కూర్చోవడానికి ఎక్కడికి

ఇక కాఫీహౌస్. 2011లో వియన్నా కాఫీహౌస్ సంస్కృతిని ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం గోడలకూ దీపాలకూ దక్కినది కాదు. ఒక్క కాఫీ తీసుకుని పత్రికలు చదువుకుంటూ గంటల తరబడి కూర్చున్నా ఎవరూ లేవమనకపోవడం ఆ సంస్కృతి. కాఫీతో పాటు వెండి పళ్ళెంలో గ్లాసుడు నీళ్ళు వస్తాయి, అడిగితే మళ్ళీ నింపుతారు. చెక్క పట్టీకి తగిలించిన దినపత్రికలు గోడ దగ్గర ఉంటాయి. హాస్టల్ పెద్ద గదిలో ఏకాంతం దొరకని యాత్రికుడికి ఆ ఒక్క కాఫీ ధరకు ఇంతకంటే మంచి బేరం ఈ నగరంలో లేదని నేను నమ్ముతాను.

కఫే సెంట్రల్ పేరు అందరూ చెబుతారు. 1876లో తెరిచింది, కమానుల కింద విశాలమైన హాలు, రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ చదరంగం ఆడిన చోటు. అందంలో సందేహం లేదు. అయితే ఇప్పుడు అక్కడ రోజంతా వరుస. ఫొటో కోసం వచ్చినవారు ఎక్కువ. గుమ్మంలోంచి హాలు చూసి ముందుకు సాగిపొమ్మని నా సలహా.

కూర్చోవాలంటే గుంపెన్‌డోర్ఫర్ వీధిలోని కఫే స్పెర్ల్. 1880 నాటిది. అరిగిన చెక్క నేల, కిటికీల దగ్గర మెత్తని బెంచీలు, బిలియర్డ్స్ బల్లలు, వాటి మీద పరిచిన పత్రికలు. తనదైన స్పెర్ల్ టోర్టే అక్కడ ఉంది, సాఖర్ కంటే మెత్తన. నాష్‌మార్క్ట్ బజారుకు దగ్గర కాబట్టి ఆ ప్రాంతపు హాస్టళ్ళలో దిగినవారికి నడక దూరం. ఒక్క కాఫీహౌస్ పేరే చెప్పమంటే నేను స్పెర్ల్ పేరే చెబుతాను. ప్రూకెల్ కూడా మంచిదే, స్టాడ్ట్‌పార్క్ పక్కన 1950ల నాటి అలంకరణతో వెలుతురుగా ఉంటుంది. రాసుకునే పని, చదువుకునే పని ఉన్నవారికి అనువైనది. సాయంత్రం చీకటి పడ్డాక అయితే డోరోటేయర్‌గాస్సేలోని హావెల్కా. 1939లో ఒక దంపతులు మొదలుపెట్టిన చిన్న, మసక వెలుతురు కఫే. రాత్రి ఎనిమిది దాటాక రేగు జాతి పండ్ల జామ్ నింపిన వేడి బన్నులు పొయ్యి నుంచి వస్తాయి. బుఖ్‌టెల్న్ అంటారు. సాఖర్ ముక్కకు పెట్టే డబ్బు ఒకసారి ఇటు పెట్టి చూడండి. గొప్ప పేరు లేకపోయినా ఆ వేడి బన్నులో వియన్నా ఇళ్ళ వంట రుచి ఉంది.

గులాబీ రంగు బోర్డుల ఐడా దుకాణాలు నగరమంతా కనిపిస్తాయి. 1913లో మొదలైన సంస్థ. సాఖర్ టోర్టే అక్కడా ఉంటుంది, ధర తక్కువ, చోటు దొరుకుతుంది, పెద్ద సంచి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఆ కేకు బాగుంటుంది కానీ, హోటల్ సాఖర్, డెమెల్ కేకులతో పోల్చదగినది కాదు. వాన నుంచి తప్పించుకోవడానికి, కాళ్ళకు విశ్రాంతి ఇవ్వడానికి వెళ్ళండి. సాఖర్ టోర్టే ఎలా ఉంటుందో నిర్ణయించుకోవడానికి మాత్రం ఐడా ముక్క చాలదు. సూపర్ మార్కెట్ పెట్టె కేకులైతే అసలే వద్దు.

కాఫీ ఎంపికలో ఒక చిన్న మాట. సాఖర్ టోర్టేతో ఐన్‌ష్పెన్నర్ తీసుకుంటే కాఫీ మీదా మీగడ, కేకు పక్కనా మీగడ. బరువుగా ఉంటుంది. ఫెర్‌లెంగెర్టర్ అనే పలుచని కాఫీ కానీ, చిన్న కప్పులో వచ్చే క్లైనర్ బ్రౌనర్ కానీ ఈ కేకుకు నప్పుతుంది. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవారికి పాల నురుగుతో వచ్చే మెలాంజ్ నచ్చుతుంది, అది కేకు లేకుండా తాగడానికి బాగుంటుంది. బిల్లు బల్ల దగ్గరే ఇస్తారు. వడ్డించినవారికి ఐదు నుంచి పది శాతం కలిపి మొత్తం చెప్పడం అక్కడి పద్ధతి. చిన్న కఫేల్లో నగదు దగ్గర ఉండడం మంచిది.

గుడ్డు తినని వారు

మనవాళ్ళలో చాలా మందికి ఇది ముఖ్యమైన ప్రశ్న. సాఖర్ టోర్టే నిర్మాణమే గుడ్డు మీద ఆధారపడింది. తెల్లసొన నురుగు లేకపోతే ఆ కేకు లేవదు. ఈ నగరంలో పేరున్న టోర్టేలన్నీ దాదాపు అలాంటివే. ఆపిల్ ముక్కలు లోపల పెట్టి చుట్టే ఆపిల్ ష్ట్రూడెల్ పలుచని పిండి పొరను పిండి, నూనె, నీళ్ళతోనే చేసే పద్ధతి ఉంది. కానీ కొందరు గుడ్డు కలుపుతారు, పైన రాస్తారు. కాబట్టి అడక్కుండా తినకండి. ఐరోపా నిబంధనల ప్రకారం గుడ్డు, పాలు, గింజలు వంటి వాటి వివరం అడిగినవారికి చెప్పాలి. ఆస్ట్రియా మెనూల్లో వంటకం పక్కన చిన్న అక్షరాలుగా అది ఉంటుంది. గుడ్డుకు గుర్తు సి. ఆ అక్షరం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే భాష రాకపోయినా పని జరుగుతుంది.

అలాంటివారికి వియన్నాలో నిశ్చింతగా దొరికే తీపి మానర్ వేఫర్. 1898 నుంచి ఇక్కడే తయారవుతోంది. గులాబీ పొట్లం మీద సెయింట్ స్టీఫెన్ చర్చి బొమ్మ ఉంటుంది. హేజెల్‌నట్ క్రీము నింపిన సన్నని పొరలు, గుడ్డూ పాలూ లేనివి. ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, సంచిలో నలగదు, వేడికి కరగదు. చర్చి ఎదుటే ఆ సంస్థ దుకాణం కూడా ఉంది.

ఒక్క రోజే ఉంటే

రైలు దిగి రాత్రికి మళ్ళీ బయల్దేరేవారు ఉదయం ఎనిమిదికి సాఖర్‌లో కూర్చోవడమే మేలు. ఆ సమయంలో చోటూ కేకూ రెండూ ఒకేచోట దక్కే అవకాశం ఉంటుంది. సమయం మధ్యాహ్నమే దొరికితే వరుస జోలికి పోకుండా డెమెల్ కౌంటరులో ముక్క కొని తోటలోకి వెళ్ళండి. రెండు రాత్రులుంటే ఒక సాయంత్రం ఒపేరాకు పెట్టుకోండి. సెప్టెంబరు నుంచి జూన్ వరకు నిలబడి చూసే చోటుకు టిక్కెట్లు 20 యూరోల లోపు దొరుకుతాయి. కేకు, కాఫీల ఖర్చుకు దాదాపు సమానం. రెండింటిలో ఒకటే వీలైతే ఒపేరాకు వెళ్ళండి, కేకు చిన్న పెట్టెలో కొనుక్కోండి.

ఇదే దారిలో మరో రెండు కేకులున్నాయి కాబట్టి వాటి పేర్లూ చెబుతాను. సాల్జ్‌బుర్గ్ నుంచి వియన్నాకు వచ్చే రైలు లింజ్‌లో ఆగుతుంది. లింజర్ టోర్టే ఆ ఊరిది, దాని వంట విధానం 1653 నాటి రాతప్రతిలో ఉంది. గింజల పొడితో చేసిన అడుగు, పైన ఎర్రని జామ్, అల్లికలా వేసిన పిండి పట్టీలు. వియన్నా నుంచి బుడాపెస్ట్ రెండున్నర గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ 1885లో యోజెఫ్ డోబోష్ ప్రదర్శించిన పొరల కేకు మీద గట్టి కారమెల్ రేకు ఉంటుంది. మూడు ఊళ్ళు తిరిగే యాత్రలో డబ్బు ఒక్క కేకుకే ఉందంటే నేను వియన్నాలో కాఫీహౌస్‌లో కూర్చుని, కేకు బుడాపెస్ట్‌లో తింటాను. అక్కడ ధరలు తక్కువ.

ఇంటికి తీసుకెళ్ళాలనుకునేవారు చివరి రోజే కొనాలి. సాఖర్ కేకు చెక్క పెట్టెలో వస్తుంది. చల్లని గదిలో, 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచితే రెండు వారాల పైన నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే పై పూత చెమ్మగిల్లి మెరుపు పోతుంది. వేసవిలో విజయవాడకో హైదరాబాద్‌కో తెచ్చేవారు మాత్రం ఇల్లు చేరిన వెంటనే కోసి పంచేయడం మంచిది, ఏసీ గది లేకపోతే మే నెల ఎండకు ఆ పూత ఆగదు. విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దాటాక కూడా ఈ కేకు అమ్ముతారు కాబట్టి నగరంలో కొని రోజంతా మోయనవసరం లేదు. జామ్ సీసాలు కొంటే వాటిని చెక్-ఇన్ సామానులో పెట్టాలి. 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో పోనివ్వరు.